హంతకుడు మరెవరో కాదు

గురువారం పొద్దున్నే లేచి, పేపరు తెచ్చుకుని, అందులో తన పేరు చూసుకుని, ఏమీ ఎరగనట్టు స్నానం చేసి దుకాణానికి వెళ్లిపోవాలన్నది యుగంధర్ వేసుకున్న పథకం. అందులో కష్టమైన భాగం 'ఏమీ ఎరగనట్టు' అన్నదొక్కటే. ఆ ముఖం ఎలా పెట్టాలో అతను వారం రోజులుగా అద్దం ముందు సాధన చేస్తున్నాడు. భార్య కల్పలత రెండుసార్లు చూసి, పన్ను నొప్పా అని అడిగింది.

యుగంధర్‌ది సీతాఫల్‌మండి. రాణిగంజ్‌లో టైల్స్, బాత్రూం సామాన్లు అమ్మే ఒక దుకాణంలో అకౌంట్లు రాస్తాడు. రాసే చెయ్యి ఊరుకోదు కనుక మిగిలిన టైములో డిటెక్టివ్ కథలు రాస్తాడు. చిన్న కథలే. ఒక శవం, నలుగురు అనుమానితులు, ఒక డిటెక్టివ్ రుద్ర. ఆఖర్న రుద్ర లేచి నిలబడి హంతకుడి పేరు చెబుతాడు. ఆ పేరు చెప్పే పేరా రాసేటప్పుడు యుగంధర్‌కు ఒళ్లు గగుర్పొడుస్తుంది. చదివేవాళ్లకూ అలాగే ఉంటుందని అతని నమ్మకం.

ఆ నమ్మకం నిజమో కాదో తేల్చుకునే అవకాశం మాత్రం ఇన్నేళ్లలో రాలేదు. వారపత్రికలు ఉన్న రోజుల్లో ఒక వారపత్రిక అతని కథను తీసుకుని, వీలు వెంబడి ప్రచురిస్తామని కార్డు రాసింది. వీలు కుదిరేలోపు కరోనా వచ్చి పత్రికే పోయింది. తరవాత ఒక వెబ్ పత్రికకు పంపితే, శిల్పం బాగుంది గానీ హత్యలో సామాజిక ప్రయోజనం కనిపించలేదన్నారు. హతుణ్ణి వడ్డీ వ్యాపారిగా మార్చి మళ్లీ పంపాడు. ఈసారి హతుడి పట్ల సానుభూతి లోపించిందన్నారు. కథలు చదివే యాప్‌లో పెడితే నలుగురు చదివారు, అందులో ఇద్దరు యుగంధరే. ఒక యూట్యూబ్ చానెల్‌వాళ్లు అడక్కుండానే అతని కథను ఎత్తుకెళ్లి, వెనకాల కుక్కల ఏడుపులు కలిపి, సికింద్రాబాద్‌లో జరిగిన యథార్థ ఘటన అని వినిపించారు. అతని పేరు వెయ్యలేదు. యుగంధర్ మండిపడి, చివరిదాకా విని, లైక్ కొట్టాడు.

ఇలాంటి రోజుల్లో 'నవరేఖ' దినపత్రిక అతని కథను తీసుకుంది. ఆ పత్రికలో గురువారం నాడు అరపేజీ 'గురువారం గుట్టు' అని క్రైం కథలు వేస్తారు. పేజీ చూసే సుబ్బరాజుది భీమవరం వైపు. ఉన్నమాట ముఖం మీదే చెప్పే మనిషి. యాజమాన్యం ఈ పేజీ ఎత్తేసి రాశిఫలాలు పెంచాలని చూస్తోందని, ఈ కథకు పాఠకుల స్పందన గట్టిగా వస్తే దాన్ని చూపించి పేజీ నిలబెడతానని, అప్పుడు వారం వారం యుగంధరే రాసుకోవచ్చని ఫోన్లో చెప్పాడు. స్పందన రాకపోతే ఆ పేజీకి ఇదే ఆఖరి కథ. స్పందన అంటే ఫోన్లు. కథ కింద రచయిత ఫోటో, ఫోన్ నంబరు వేయడం, మెచ్చుకోదలిచినవాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి మెచ్చుకోవడం మన పత్రికల ఆనవాయితీ.

యుగంధర్‌కు చిక్కు వచ్చింది ఆ నంబరు దగ్గరే. తన నంబరు ఇస్తే అభిమానుల ఫోన్లు దుకాణంలో మోగుతాయి. ఓనరు సత్యదేవ్‌కు గుమాస్తాల ఫోన్లు మోగితే గిట్టదు. పైగా తన అకౌంటెంటు కథలు అల్లుతాడని తెలిస్తే లెక్కల మీద కూడా అనుమానం వస్తుంది. అందుకని బాగా ఆలోచించి, అత్తగారు విమలమ్మ నంబరు ఇచ్చాడు. ఆమె అతనికి సొంత మేనత్త కూడా, కూతురు దగ్గరే ఉంటుంది. మోకాళ్ల వల్ల మెట్లు దిగడం మానేశాక ఆమెకు పగలంతా ఖాళీయే. బుధవారం సాయంత్రం కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చాడు.

"అత్తమ్మా, ఎవరన్న ఫోన్ చేస్తే 'రచయిత గారు రాసుకుంటున్నరు, సాయంత్రం చేయండి' అనాలె. గంతే. ఇంకో ముచ్చట పెట్టద్దు."

"నువ్వు దుకాణంల ఉంటవు గద బిడ్డా?"

"గట్లనే అంటరు అత్తమ్మా."

గురువారం పొద్దున మూల మీది స్టాల్ దగ్గర మూడు కాపీలు కొని, అక్కడే నిలబడి పేజీ విప్పాడు. ఫోటో వచ్చింది. జుట్టున్న కాలం నాటి ఫోటో. పేరు లావు అక్షరాల్లో వచ్చింది. నంబరు ఒక్కొక్క అంకె వేలు పెట్టి సరిచూసుకున్నాడు, సరిగ్గానే ఉంది. కథ మాత్రం చదవలేదు. అది అతనికి కంఠతా వచ్చు. చదివి ఉంటే ఈ గొడవంతా ఆ స్టాల్ దగ్గరే తేలిపోయేది.

రాణిగంజ్‌లో పదకొండు దాటితే గానీ బేరాలు రావు. ఆ లోపు సత్యదేవ్ చాయ్ తాగుతూ పేపరు చదువుతాడు. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, పేపరు పైకి చదవడం అలవాటు. ఆ రోజు స్థలాల ధరలు అయిపోయాక పేజీ తిప్పి, "ఏమయ్యా యుగంధర్, నీ పేరున్నోడెవడో కథ రాశాడు. నీకంటే బావున్నాడు మనిషి" అన్నాడు. యుగంధర్ వారం రోజులు సాధన చేసిన ముఖం పెట్టాడు. సత్యదేవ్ కథ మొదలుపెట్టాడు.

తన కథను కుక్కల ఏడుపుల్లేకుండా ఇంకొకరి నోట వినడం యుగంధర్‌కు అదే మొదటిసారి. బిల్లు పుస్తకం మీద తల వంచుకున్నాడు గానీ చెవులు వేడెక్కాయి. సంతోషంతో కాళ్లు నేల మీద ఆనలేదు. కథ ఇదీ. మారేడ్‌పల్లిలో ఓ పాత బంగళా, ఓనరు ధర్మరాజు గారు. సాయంత్రం చాయ్ తాగి కుర్చీలోనే పోతారు. చాయ్‌లో విషం. ఇంట్లో ఉన్నది నలుగురు. వంటమనిషి, మేనల్లుడు, మేడ మీద కిరాయికున్న డాక్టరు, రెండో భార్య. డిటెక్టివ్ రుద్ర వస్తాడు, అందర్నీ హాల్లో కూర్చోబెడతాడు. సత్యదేవ్ గొంతు తగ్గించి, కుర్చీ ముందుకు జరిపి చదువుతున్నాడు.

"'రుద్ర నలుగురి ముఖాల్లోకీ చూసి లేచి నిలబడ్డాడు. ధర్మరాజు గారిని చంపిన హంతకుడు మరెవరో కాదు...' మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా? నేడే వాడండి వజ్రకాయ తైలం." సత్యదేవ్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇదేమిటయ్యా?"

యుగంధర్ లేచి పేపరు లాక్కున్నంత పని చేశాడు. ఆఖరి పేరా ఉండాల్సిన చోట తైలం సీసా బొమ్మ ఉంది. సీసా కింద అతని జుట్టున్న ఫోటో, అత్తగారి నంబరు. ఎలా జరిగిందో సుబ్బరాజు తరవాత చెప్పాడు. రాత్రి ఆలస్యంగా తైలం ప్రకటన వచ్చింది, జాగా కావాల్సొచ్చింది. పేజీలు కూర్చే ఆయన పాతికేళ్లుగా వార్తల మీద పని చేసిన మనిషి. వార్తలో ముఖ్యమైన సంగతి పైన ఉంటుంది, జాగా చాలకపోతే కింది నుంచి కోస్తారు. ఆయన కథనూ కింది నుంచి కోశాడు.

"నంబరుందిగా, అడిగితే పోలా" అంటూ సత్యదేవ్ ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టాడు. అటునుంచి విమలమ్మ గొంతు దుకాణమంతా వినిపించింది. యుగంధర్ వాష్‌బేసిన్ల వరస వెనక్కి జరిగాడు.

సత్యదేవ్ తన సందేహం చెప్పి రచయిత గారున్నారా అని అడిగాడు. విమలమ్మ రాసుకుంటున్నాడనీ అనలేదు, సాయంత్రం చెయ్యమనీ అనలేదు. "ఆయనతోని ఏం పని బిడ్డా, నాతోని చెప్పు. నీకెవరి మీద అనుమానం?" అంది.

వంటమనిషే అయ్యుండాలన్నాడు సత్యదేవ్. ధర్మరాజు పోతే వంటమనిషికి జీతం పోతుంది తప్ప ఒరిగేదేముందని విమలమ్మ అడిగింది. జవాబు కోసం ఆగకుండా ఇంకో ప్రశ్న వేసింది.

"కథ పక్కన పెట్టు. మీ ఇంట్ల నువ్వు నమ్మంది ఎవర్ని?"

అరవై ఏళ్ల జీవితంలో సత్యదేవ్‌ను ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేదు. కళ్లు మూసుకుని బావమరిది సంగతి మొదలుపెట్టాడు. ఈ దుకాణంలో సగం వాటాదారు ఆ బావమరిదే. పెళ్లిలో అలిగిన దగ్గర్నుంచి, మొన్న గోడౌన్ తాళాలు అడక్కుండా తీసుకెళ్లిన దాకా వరసగా చెప్పాడు. రెండు బేరాలు వచ్చి నిలబడి, ఆ సంభాషణ విని, ఇది వినకుండా పోవడం దేనికని కమోడ్ల మీద కూర్చున్నాయి. విమలమ్మ మధ్య మధ్య "అయ్యో" అని, "మరి మీ ఆమె ఏమంటది" అని అడుగుతూ అంతా విన్నది.

"ఇంకెవరు బిడ్డా, మేనల్లుడే" అంది చివరికి. "ఇంట్లనే ఉంటడు, తాళాలన్ని వానికే ఎరుక."

"నాకు ముందే తెలుసమ్మా" అన్నాడు సత్యదేవ్. కళ్లు తుడుచుకుని, ఫోన్ పెట్టేసి, వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. పన్నెండింటికల్లా బావమరిది దుకాణానికి వచ్చాడు. ఒంటిగంటకు షట్టర్ సగం దించారు. లోపల ఇద్దరూ ఒకరి తాతల్ని ఒకరు తలుచుకుంటూ ఉండగా యుగంధర్ బయట మెట్ల మీద కూర్చుని, ఇంకా ఎంతమందికి ఎన్ని బావమరుదులున్నారో లెక్క వేసుకుంటున్నాడు.

అప్పుడే సుబ్బరాజు ఫోన్ చేశాడు. "యుగంధర్ గారూ, నేను స్పందన కావాలన్నాను గానీ ఇంత అడగలేదండి."

పేరా కోసినందుకు ముందు మన్నించమన్నాడు. అది రేపు ఓ మూల వేసి సర్దేయొచ్చు, అది పెద్ద సంగతి కాదన్నాడు. అసలు సంగతి ఆ నంబరు దగ్గరుంది. అక్కడెవరో ఫోన్ చేసినవాళ్లకల్లా ఒక్కో హంతకుణ్ణి ఇస్తున్నారు. మల్కాజ్‌గిరిలో ఒకావిడకు డాక్టరని చెప్పారు, పక్కింటావిడకు రెండో భార్య అని చెప్పారు, ఇప్పుడు వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఒక ఇంట్లో మొగుడికి వంటమనిషి, పెళ్లానికి మేనల్లుడు వచ్చారు. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి కాప్రా చెరువు కట్ట మీద నడిచే రిటైర్డ్ ఉద్యోగుల సంఘం. వాళ్లు పొద్దున్నుంచి ఒక్క చుట్టూ నడవలేదు. నాలుగు ముఠాలుగా విడిపోయి, పత్రిక పాఠకులను మోసం చేస్తోందని పై దాకా ఫిర్యాదు చేశారు. పై దాకా అంటే మరీ పైకి. వాళ్లలో బిక్షం గారనే ఆయన 'నవరేఖ' ఎండీకి స్వయానా మామగారు.

"రేపు పొద్దుటికల్లా హంతకుడెవరో ఒక్కడే తేలాలంటండి. తేలకపోతే పేజీ లేదు. వాళ్లకు మీ ఇంటి అడ్రసు కూడా ఇచ్చారట ఆ ఫోనావిడ, సాయంత్రం వస్తున్నారు. నేనూ వస్తాను. మీరు ఆ ఆఖరి పేరా దగ్గర పెట్టుకోండి."

యుగంధర్‌కు ముందు భయమేసింది, వెనకే ధైర్యం వచ్చింది. ఆఖరి పేరా ఉంది కదా. అది వింటే ఎవరైనా నోరు మూసుకోవాల్సిందే. ఇన్నాళ్లూ తిరిగొచ్చిన కథలన్నిట్లోకీ అతనికి ఇష్టమైన పేరా అది. సెలవు అడుగుదామని షట్టర్ కింది నుంచి తల దూర్చాడు. లోపల ఎవరూ వినే స్థితిలో లేరు కనుక తనకు తనే సెలవిచ్చుకుని ఇల్లు చేరాడు.

ఇంట్లో విమలమ్మ మంచం మీద కూర్చుని, చార్జర్ తీగ ఎంత దూరం వస్తే అంత దూరంలో చెవి పెట్టి, ఎవరి తోడికోడలి గురించో వింటోంది. యుగంధర్ ఫోన్ లాక్కుని ఆపేశాడు.

"అత్తమ్మా, ఏం జేసినవ్? నేనేం చెప్పమన్న?"

"చెప్పిన బిడ్డా. మొదటాయనకు గట్లనే చెప్పిన, రాసుకుంటున్నడని. 'ఏం రాసుకుంటున్నడు, చివరి ముక్కనే రాయలే గద, ముందుగాల గది రాయమను' అన్నడు. పెద్దమనిషి, పరేషాన్ల ఉన్నడు. ఫోన్ ఎట్ల పెట్టేస్త?"

ఆమెకు కథ కూడా తెలియదు. ఆ మొదటాయనే మొత్తం చెప్పాడు. రెండో ఆవిడ ఇంకోసారి చెప్పింది. నాలుగో ఫోన్‌కల్లా ధర్మరాజు ఇంటి గడపలు సైతం ఆమెకు లెక్క తెలిసిపోయాయి. అడిగిన ప్రతివాళ్లకూ మనసులో ఒకడు ముందే ఉన్నాడని, తను ఔనని మాత్రమే అన్నానని విమలమ్మ చెప్పింది. తప్పు చేసిన ముఖం కాదు ఆమెది. ఏడాదిగా ఆ ముఖంలో అంత కళ యుగంధర్ చూడలేదు.

అయిదింటికి కింద ఆటోలు ఆగాయి. చెరువు కట్ట సంఘం మెట్లెక్కి వచ్చి, చిన్న హాల్లో ముఠాలవారీగా సర్దుకుంది. డాక్టరే అన్నవాళ్లు ఫ్రిజ్ పక్కన, వంటమనిషే అన్నవాళ్లు టీవీ ముందు, మేనల్లుడి వర్గం సోఫాలో. రెండో భార్య వర్గానికి జాగా లేక మెట్ల మీదే నిలబడింది. సంఘం అధ్యక్షుడు జ్ఞానశేఖర్ రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఆయన అందర్నీ నిశ్శబ్దంగా ఉండమని, వచ్చిన పని క్లుప్తంగా చెప్పాడు. సుబ్బరాజు చెమటలు కక్కుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తను పనిచేసే బడి నుంచి అప్పుడే వచ్చిన కల్పలత వంటింటి తలుపు పట్టుకుని చూస్తోంది.

యుగంధర్ ఫైల్ తెరిచాడు. ఇంతమంది తన కథ వినడానికి వచ్చి కూర్చోవడం అతని జీవితంలో లేదు. గొంతు సవరించుకుని, రుద్రలాగే నలుగురి ముఖాల్లోకీ చూసి చదివాడు.

"'ధర్మరాజు గారిని చంపిన హంతకుడు మరెవరో కాదు. ముప్పై ఏళ్ల కిందట సింగపూర్ పారిపోయి, నిన్న రాత్రే రహస్యంగా తిరిగొచ్చిన ఆయన కవల తమ్ముడు కర్మరాజు.'"

ఫ్రిజ్ మోత వినిపించింది. ఆ నిశ్శబ్దం మెచ్చుకోలు అనుకుని యుగంధర్ చిన్నగా నవ్వాడు కూడా.

"కర్మరాజు ఎవరు?" అని మెట్ల మీంచి ఎవరో అడిగారు.

కవల తమ్ముడని యుగంధర్ మళ్లీ చెప్పాడు. కథలో ఎక్కడున్నాడని అడిగారు. సింగపూర్‌లో ఉన్నాడు కనుక కథలో లేడని చెప్పాడు. జ్ఞానశేఖర్ కళ్లజోడు తీశాడు.

"బాబూ, నేను ఏళ్ల తరబడి పరీక్ష పేపర్లు దిద్దాను. పాఠంలో లేని పేరు జవాబులో రాస్తే సున్నా వేసేవాణ్ణి."

పొద్దున్నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోని నాలుగు ముఠాలూ ఆ క్షణంలో ఒకటైపోయాయి. తలా ఒక మాట అన్నారు. పొద్దున ఫోన్లో ఆ అమ్మ అంత పద్ధతిగా చెబితే ఈయనెవరో వచ్చి సింగపూర్ అంటున్నాడేమిటని సోఫా అంది. ఫోటోలో ఆయనకు జుట్టుంది, ఈయనకు లేదని టీవీ ముందువాళ్లు కనిపెట్టారు. రాసింది ఆ అమ్మే, అల్లుడు పేరేసుకున్నాడన్న నిర్ణయానికి ఫ్రిజ్ వచ్చింది. యుగంధర్ సాయం కోసం భార్య వైపు చూశాడు.

"రాసింది ఆయనే సార్" అంది కల్పలత. "నేను అప్పుడే చెప్పిన, సింగపూర్ వద్దని."

యుగంధర్ ఫైల్ మూసి స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా తిరిగొచ్చిన కథలు వరసగా గుర్తుకొచ్చాయి. ఒకదానిలో హంతకుడు దుబాయ్ నుంచి వచ్చాడు, ఇంకోదానిలో పిచ్చాసుపత్రి నుంచి, మరోదానిలో చనిపోయాడనుకున్న మనిషి లేచొచ్చాడు. సామాజిక ప్రయోజనం లేదన్నారు, సానుభూతి లేదన్నారు, వీలు వెంబడి అన్నారు. ఆఖరి పేరా బాగాలేదని ఒక్కరూ అనలేదు. మర్యాదస్తులై ఉంటారు. అతనికి ఏడుపొచ్చింది గానీ ఇంటినిండా జనం ఉన్నారు.

విమలమ్మ ఈ లోపు వంటింట్లోకి వెళ్లి అందరికీ చాయ్ పెట్టింది. కల్పలత పళ్లేల్లో తెచ్చి ఎదురుగా పెట్టింది. ధర్మరాజు ఎలా పోయాడో తెలిసినవాళ్లు కనుక ఒక్కరూ కప్పు ముట్టలేదు.

"పాలు, శక్కర, చాయ్‌పత్తి, ఇంత అల్లం. ఇంకేం వెయ్యలే, తాగుండ్రి" అంది విమలమ్మ, నెమ్మదిగా కుర్చీలో కూర్చుంటూ. "అయినా హంతకుడు అందరికి ఒక్కడే ఉండాల్నని ఎవలన్నరయ్యా? ఎవరింటికి తగ్గట్టు వాళ్లకుంటడు. ధర్మరాజు ఎట్లన్న సచ్చిపాయె, ఆయనకు ఏం ఫరక్ పడదు. మీరే జెర నిదానంగ ఆలోచన జేసి, మీ ఇంటికి ఎవడు సరిపోతడో చూసుకోండ్రి."

మొదట కప్పు తీసుకున్నది బిక్షం గారు. పల్చటి మనిషి, చెవుల్లో యంత్రం. ఒక గుక్క తాగి, ఆగి చూసి, ఇంకో గుక్క తాగాడు.

"మా అల్లుడు ఉన్నడు. పెద్ద పేపర్‌కు ఎండీ" అన్నాడు. "ఏడాదిల వాడు నాతోని మాట్లాడిన మాటలన్ని కలిపినా, ఈ అమ్మ పొద్దున మాట్లాడినన్ని ఉండయి. పేజీ ఎట్ల తీస్తడో నేను సుత చూస్త." సుబ్బరాజు వైపు తిరిగి, "వంటమనిషే. గది మాత్రం రాసి పెట్టుకో" అన్నాడు.

వంటమనిషి ఎలా అవుతాడని సోఫా లేచింది. మెట్ల మీదివాళ్లు లోపలికి తోసుకొచ్చారు. చాయ్ కప్పులు చేతుల్లో పట్టుకుని నాలుగు ముఠాలూ మళ్లీ విడిపోయాయి. చీకటి పడేదాకా వాదించుకుని, ఆటోల్లో కూడా వాదించుకుంటూ వెళ్లిపోయారు. ఇంత సంతోషంగా కొట్లాడుకున్న పాఠకులను సుబ్బరాజు తన ఉద్యోగంలో చూడలేదు.

అందరూ వెళ్లాక అతను యుగంధర్ పక్కన కూర్చుని తన ఆలోచన చెప్పాడు. పేజీ ఉంటుంది. కథ వారం వారం యుగంధరే రాయాలి. బంగళా, శవం, అనుమానితులు అన్నీ బాగా వస్తున్నాయని, రుద్ర లేచి నిలబడే దాకా తిరుగు లేదని మెచ్చుకున్నాడు.

"ఆఖరి పేరా మాత్రం రాయకండి. రాసినా మేం కోసేస్తాం."

కింద నంబరు ఉంటుంది. దాని పక్కన విమలమ్మ ఫోటో, 'హంతకుడెవరు? విమలమ్మ గారిని అడగండి' అని లావు అక్షరాల్లో. మరి తన పేరు అని యుగంధర్ అడిగాడు. ఉంటుందన్నాడు సుబ్బరాజు. తైలం కంపెనీ సంవత్సరం పొడుగునా ఆ జాగా మాట్లాడుకుంది కనుక మిగిలిన చోట ఎంత పడితే అంత ఉంటుందన్నాడు. రెండు రోజులు యుగంధర్ ఫైల్ ముట్టలేదు. మూడో రోజు కూర్చుని కొత్త కథ మొదలుపెట్టాడు. పేరు చిన్నదైనా పేపర్లో పేరు. అదీగాక, విమలమ్మ పొద్దున్నే జడ వేసుకుని, ఉతికిన చీర కట్టి, ఫోన్ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. వద్దనడానికి అతనికి నోరు రాలేదు.

ఆఖరి పేరా బరువు దిగాక కథలు తేలిగ్గా సాగాయి. శవాలు సహజంగా పడ్డాయి, అనుమానితులు ఇదివరకటిలా సింగపూర్ వైపు చూడకుండా ఇంటి పట్టునే ఉన్నారు. మూడో కథ మోండా మార్కెట్‌లో ఉల్లిగడ్డల గోడౌన్‌ది. లోపలి నుంచి గొళ్లెం పెట్టిన గోడౌన్‌లో వ్యాపారి పోయి ఉంటాడు. బయట అన్న, భాగస్వామి, హమాలీ మేస్త్రీ, అప్పు తీసుకున్న హోటలాయన. అతని కథలన్నిట్లోకీ అదే మంచిదని కల్పలత కూడా ఒప్పుకుంది.

గురువారం సత్యదేవ్ దాన్ని మొదటి నుంచి పైకి చదివాడు. బావమరిది వేరు పడ్డాక ఆయన చాలా ప్రశాంతంగా ఉంటున్నాడు. రుద్ర లేచి నిలబడగానే పేపరు మడిచి, "ఏమయ్యా, నువ్వెవరంటావు?" అని అడిగాడు.

చెబుదామని యుగంధర్ నోరు తెరిచాడు. అన్న కాదు, గొళ్లెం సంగతి కుదరదు. భాగస్వామో మేస్త్రీయో అనుకుంటే తాళంచెవి అడ్డొస్తోంది. హోటలాయన ఆ పూట ఊళ్లో లేడని తనే రాశాడు. ఎటు నుంచి చూసినా ఎవరూ సరిపోవడం లేదు. కథలో ఆ గోడౌన్ కట్టినప్పుడు తను ఆ సంగతి ఆలోచించనే లేదని అప్పుడు తట్టింది. ఎంత ఆలోచించినా తేలక, తేల్చుకోకుండా కూర్చోలేక, టైల్స్ నమూనాల వెనక్కి వెళ్లి అత్తగారి నంబరు నొక్కాడు. లైను బిజీ. మళ్లీ చేశాడు, మళ్లీ బిజీ. అవతల సత్యదేవ్‌కు రెండోసారికే దొరికింది, ఆయన అప్పుడే తల ఊపుతూ వింటున్నాడు.

మధ్యాహ్నం కాకముందే జంటనగరాల్లో అందరికీ ఎవరి హంతకుడు వాళ్లకు దొరికాడు గానీ, రచయితకు మాత్రం సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా ఆగాల్సి వచ్చింది.